చిన్న మాస్టొడాన్ సర్వర్‌లో ఖర్చు ఎక్కడ పెరుగుతుంది?

సభ్యులు 40 మందికి మించకపోయినా మాస్టొడాన్ (ట్విటర్ లాంటిదే, కాని ఎవరికివారు సొంత సర్వర్ నడుపుకోగల సోషల్ నెట్‌వర్క్) సర్వర్ బిల్లు నెలనెలా ఎందుకు పెరుగుతోందని అడిగారు. దాదాపు అంతే మందితో మూడేళ్లు సర్వర్ నడిపిన అనుభవంతో చెబుతున్నాను: మీ సభ్యులు ఎందరన్నదాని కన్నా, వాళ్లు బయట ఎంతమందిని ఫాలో అవుతున్నారన్నదాన్ని బట్టే ఖర్చు పెరుగుతుంది. వేరే సర్వర్‌లోని వ్యక్తిని మీవాళ్లలో ఒక్కరు ఫాలో అయినా చాలు, ఆయన పెట్టే ప్రతి ఫొటోకూ మాస్టొడాన్ ఒక నకలు తెచ్చి మీ డిస్కులో దాచుకుంటుంది. ఈ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే ప్రమాణం యాక్టివిటీపబ్ ఇలా చేయమని చెప్పదు. ఇది మాస్టొడాన్ ఎంచుకున్న పద్ధతి.

ఒక తెల్లవారుజామున నా సర్వర్ డిస్కు పూర్తిగా నిండి, రాసుకోవడానికి చోటు లేక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఆగిపోయింది. తీరా చూస్తే మా సభ్యుల ఫొటోలు, వీడియోలు అన్నీ కలిపి 3 జీబీ కూడా లేవు, బయటి నకళ్లు మాత్రం 60 జీబీ దాటాయి. అందులో సగానికి పైగా, నేను సరదాకొద్దీ చేర్చిన ఒక రిలే (చాలా సర్వర్ల బహిరంగ పోస్టులను పోగుచేసి పంచే సేవ) ద్వారా వచ్చిన, మాలో ఎవరూ చదవని పోస్టుల వెంట చేరినవే. రిలేను తీసేసి, వారం దాటిన బయటి మీడియాను మాస్టొడాన్ నిర్వహణ ఆదేశాల పనిముట్టు టూట్‌సీటీఎల్‌తో రోజూ తొలగించేలా క్రాన్‌లో (పనులను వేళకు తానే నడిపే ఏర్పాటులో) పెట్టాక, అదే డిస్కు మరో ఏడాదిన్నర సరిపోయింది. తొలగించిన ఫొటోను ఎవరైనా తెరిస్తే, అసలు సర్వర్ నడుస్తున్నంత కాలం అది మళ్లీ వస్తుంది కనుక సభ్యులకు తేడా తెలియలేదు. లింకుల ప్రివ్యూ బొమ్మలకు వేరే ఆదేశం ఉంది. దాన్ని నేనే చాలాకాలం మరచిపోయాను.

మెమరీ విషయానికొస్తే, పోస్టుల్లో వెతకడానికి వాడే ఎలాస్టిక్‌సెర్చ్ లేకుండా ఇంతమందికి ఇబ్బందేమీ ఉండదు. 2022 నవంబరులో, ట్విటర్ చేతులు మారిన వెంటనే జనం వెల్లువలా వచ్చినప్పుడు మాత్రం తెర వెనుక పనులను నడిపే సైడ్‌కిక్ వరుసలో పనులు గంటల తరబడి పేరుకుపోయాయి. ఆ భయంతో పెద్ద ప్లాన్‌కు మారి, రద్దీ తగ్గాక కూడా దాన్నే కొనసాగించడం నా తప్పు. ఆ ఉత్సాహంలో వచ్చిన విరాళాలు ఆరు నెలల్లోనే సన్నగిల్లాయి, బిల్లు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆబ్జెక్ట్ స్టోరేజీకి (ఫైళ్లను సర్వర్ డిస్కులో కాక విడిగా అద్దె నిల్వలో ఉంచే పద్ధతికి) మారదలిస్తే, నిల్వ ధరతోపాటు బయటికి వెళ్లే డేటాకు వేసే రుసుమును కూడా చూసుకోండి.

ముందుగా ‘టూట్‌సీటీఎల్ మీడియా యూసేజ్’ నడపండి. అటాచ్‌మెంట్లు, ప్రివ్యూ కార్డులు, అవతార్లు ఎంతెంత చోటు తీసుకుంటున్నాయో అది విడివిడిగా చూపిస్తుంది. ఆ అంకెలు ఇక్కడ పెడితే, ముందుగా ఏది తగ్గించాలో చెప్పగలను.