కన్నీళ్లు ఆరిన తరువాత

ప్రియమైన బాబుకు,

ప్రభువు నామంలో వందనాలు.

నీ ఉత్తరం అందింది. ఉపవాస కూడికలో వాక్యం వింటున్నప్పుడు నీకు కలిగిన దుఃఖాన్ని, ఆ రాత్రి నిద్రపట్టక ప్రార్థించిన తీరును వివరంగా రాశావు. చదివి సంతోషించాను. కానీ పనిచేసే చోట తప్పుడు బిల్లులు పెట్టి తీసుకున్న డబ్బు సంగతికి వచ్చేసరికి నీ కలం బాగా పొదుపు పాటించింది. ఎంత తీసుకున్నావు, ఎప్పటినుంచి తీసుకుంటున్నావు, ఇంకెవరికి తెలుసు అనేవి ఎంత వెతికినా దొరకలేదు. చివర్లో మాత్రం ఒక ప్రశ్న అడిగావు. దేవుడి దగ్గర ఒప్పుకున్నాను కదా, మనుషుల దగ్గర కూడా ఒప్పుకోవాలా అని.

ఒప్పుకోవాలి. ఇక ఎలా ఒప్పుకోవాలో చెబుతాను.

ముందు ఆ ఏడుపు సంగతి. దాన్ని నేను తక్కువ చేయడం లేదు. రాయిలా ఉండే మనసు కరగడం దేవుని పనే. అయితే సంఘ పెద్దగా ఇన్నేళ్లు చూసిన మీదట, ఎక్కువ ఏడ్చినవారే ఎక్కువ మారారని మాత్రం చెప్పలేను. ఏడ్చాక గుండె తేలికపడుతుంది. అంతటితో పని అయిపోయిందనుకొని ఇంటికి వెళ్లిపోతాం. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు జనం వచ్చి మేమేమి చేయాలని అడిగినప్పుడు, ఆయన ఎవరినీ ఇంకాస్త ఏడవమనలేదు. లూకా సువార్త 3వ అధ్యాయం చూడు. రెండు అంగీలున్నవాడు ఒకటి లేనివాడికి ఇవ్వాలి. పన్నులు వసూలు చేసే సుంకరులు తమకు నిర్ణయించిన దానికన్నా ఎక్కువ తీసుకోకూడదు. సైనికులు ఎవరినీ బెదిరించకుండా తమ జీతంతో తృప్తిపడాలి. ఎవరి పాపం ఎక్కడుందో సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు. నీ దగ్గరకు వస్తే ఆ వేలు బిల్లుల మీదే పడుతుంది.

కాబట్టి ఒక కాగితం తీసుకొని కూర్చో. ప్రార్థనలో వాడే మాటలేవీ అందులోకి రానివ్వకు. 'బలహీనతలో పడ్డాను', 'శత్రువు శోధించాడు' వంటివి అసలే వద్దు. ఏ నెలలో ఏ బిల్లు, అసలు ఖర్చెంత, నువ్వు వేసిన మొత్తమెంత, తేడా ఎక్కడికి పోయింది అన్నది మాత్రమే రాయి. గుర్తులేని చోట తక్కువ అంచనా వేసుకోకు, ఎక్కువే వేసుకో. ఈ పని ఒక పూటలో తెమలదు, మధ్యలో లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది. ఆ కాగితం మీదే మళ్లీ కూర్చోవడం ఈ రోజుల్లో నువ్వు చేయగలిగిన మంచి ప్రార్థన. అతిక్రమాలను దాచిపెట్టేవాడు వర్ధిల్లడు, వాటిని ఒప్పుకొని విడిచిపెట్టేవాడు కనికరం పొందుతాడు అని సామెతలు 28వ అధ్యాయంలో ఉంది. ఏం చేశామో పూర్తిగా చూసుకోకుండా ఏం ఒప్పుకుంటాం?

ఒప్పుకోవడంలోనూ తేడాలున్నాయి. ఇశ్రాయేలు రాజులు సౌలు, దావీదు ఇద్దరూ ప్రవక్తల ముందు నేను పాపం చేశానన్నవారే. శత్రువులైన అమాలేకీయుల మందలన్నిటినీ నాశనం చేయమన్న దేవుని ఆజ్ఞ మీరి, వాటిలో మంచివాటిని అట్టిపెట్టుకొని, సమూయేలు అడిగితే సౌలు మొదట ప్రజలు బలి కోసం ఉంచారన్నాడు. తరువాత పాపం చేశానన్నాడు, కానీ ప్రజలకు భయపడి చేశానన్నాడు. ఆ వెంటనే, నా ప్రజల పెద్దల ఎదుట నన్ను గౌరవించు అని సమూయేలును బతిమాలాడు. మీరిన ఆజ్ఞ కన్నా పోబోయే పరువు మీదే అతని చూపు. నాతాను నిలదీసినప్పుడు దావీదు నోట వచ్చిన మాట మాత్రం, నేను పాపం చేశాను అన్నంత వరకే. చేసిన పాపాలు చూస్తే దావీదువి చిన్నవేమీ కావు, వ్యభిచారం, హత్య. అయినా అతని మాట వెనుక 'కానీ' లేదు. నీ ఉత్తరంలో జీతం చాలకపోవడం గురించి, అక్కడ అందరూ చేసేదే అన్న దాని గురించి నాలుగు వరుసలున్నాయి. అవి నిజమే కావచ్చు. నువ్వు సంస్థ వారి ముందు కూర్చున్నప్పుడు మాత్రం వాటిని ఎత్తకు. నీతోపాటు చేసినవారి పేర్లు కూడా నీ అంతట నువ్వు ముందుకు తోయకు. వారు నేరుగా అడిగితే అబద్ధం చెప్పకు.

దావీదు కథలో ఇంకొకటి ఉంది, మన ప్రసంగాల్లో దాన్ని తొందరగా దాటేస్తారు. నీవు చావకుండునట్లు యెహోవా నీ పాపమును పరిహరించెను అని చెప్పిన అదే నాతాను, అదే సందర్భంలో, నీ ఇంటిని ఖడ్గం విడువదని, పుట్టిన బిడ్డ చనిపోతాడని కూడా చెప్పాడు. క్షమాపణ ఆ పూటే దొరికింది, పర్యవసానాలు ఏళ్ల తరబడి వచ్చాయి. వాటిని చూసి దేవుడు తనను క్షమించలేదేమో అని దావీదు అనుకోలేదు. నువ్వూ అనుకోకు. ఉద్యోగం పోవచ్చు. కేసు పెట్టవచ్చు. ముందుగా ఒక న్యాయవాదిని కలిసి, చట్టప్రకారం ఏమేమి ఎదురుకావచ్చో తెలుసుకో. అందులో తప్పేమీ లేదు, గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పాడు. తప్పించుకునే సందుల కోసం మాత్రం వెళ్లకు.

డబ్బు తిరిగి ఇవ్వడం గురించి. సుంకరి జక్కయ్య సంగతి ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు, యేసును చూడడానికి చెట్టెక్కడం వరకు. ఆ తరువాత అతడు ఇచ్చిన మాట చూడు. తన ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. మోషే ధర్మశాస్త్రంలో, తానే ఒప్పుకున్నవాడు అసలు మొత్తానికి ఐదవ వంతు కలిపి చెల్లిస్తే చాలు, సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో ఉంది. గొర్రెను దొంగిలించి అమ్మినా చంపినా నాలుగు గొర్రెలు ఇవ్వాలని నిర్గమకాండం 22 చెబుతుంది. జక్కయ్యను ఎవరూ పట్టుకోలేదు, ఐదవ వంతుతో ఊరుకోవచ్చు. తానే వెళ్లి దొరికిన దొంగల వరుసలో నిలబడ్డాడు. నువ్వు నాలుగంతలు ఇవ్వాలని నేననను, నీ దగ్గర అంత లేదని నాకు తెలుసు. కానీ అసలుకు కొంత కలిపి ఇవ్వడానికి సిద్ధపడు, ఎన్నాళ్లలో ఇవ్వగలవో లెక్క వేసి కాగితం మీద పెట్టుకొనే వారి దగ్గరకు వెళ్లు. వాహనం అమ్మవలసి వస్తే అమ్ము. ఆ డబ్బులో దశమభాగం కానుకగా ఇచ్చానని రాశావు, అది నిన్ను కాపాడదు. ఇతరుల సొమ్ముతో దేవుడికి కానుకలేమిటి నాయనా!

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే నేను అపార్థం నూరిపోసినవాడినవుతాను. యేసు జక్కయ్య ఇంట్లో బస చేస్తానన్నది అతడు పైసా తిరిగి ఇవ్వకముందే. అతడు చెల్లించి ఆయనను ఇంటికి రప్పించుకోలేదు. ఆయన వచ్చాడు కాబట్టి చెల్లించగలిగాడు. నువ్వు వాయిదాలు కడుతున్న కాలమంతా ఈ వరుస తలకిందులు కాకుండా చూసుకో. లేకపోతే ఒక నెల కట్టలేకపోయినప్పుడు దేవుడి ముఖం కూడా చూడలేకపోతావు.

సంస్థ కన్నా ముందు నీ భార్యకు చెప్పు. ఈ వార్త ఆమెకు బయటివాళ్ల నోట చేరకూడదు. పిల్లలు లేని సమయం చూసుకొని, ఆ కాగితం ఆమె చేతికిచ్చి, పూర్తిగా చెప్పు. ఈ రోజు కొంత, పై వారం కొంత అని విడతలుగా చెప్పకు. ప్రతి విడతా ఆమెకు కొత్త మోసమే. ఆమె కోప్పడవచ్చు, పుట్టింటికి వెళతాననవచ్చు, అసలేమీ మాట్లాడకపోవచ్చు. ఆ కోపానికి గడువు పెట్టే హక్కు నీకు లేదు. దేవుడే క్షమించాడు, నువ్వెవరివి క్షమించకపోవడానికి అన్న మాట మాత్రం నీ నోట రానివ్వకు. వాక్యాన్ని అలా కర్రలా వాడిన భర్తలను నేను చూశాను. ఆ ఇళ్లలో క్షమాపణ పుట్టలేదు, మౌనం పుట్టింది. ఆమె నీ లెక్కలు చూస్తానంటే చూపించు, ఫోను అడిగితే ఇవ్వు, ఏళ్ల తరువాత అడిగినా విసుక్కోకు.

పిల్లల చదువులు ఒక దారికి వచ్చాక చెబితే ఎలా ఉంటుందని అడిగావు. అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయంలో ఫేలిక్సు అనే అధిపతి ఉన్నాడు. అతని దగ్గర ఖైదీగా ఉన్న అపొస్తలుడు పౌలు నీతిని గురించి, ఆశానిగ్రహం గురించి, రాబోయే తీర్పు గురించి మాట్లాడుతుంటే నిజంగానే భయపడ్డాడు. భయపడి, ఇప్పటికి వెళ్లు, సమయం దొరికినప్పుడు పిలిపిస్తానన్నాడు. పిలిపించాడు కూడా, చాలాసార్లు. కానీ పౌలు దగ్గర లంచం దొరుకుతుందన్న ఆశ మనసులో ఉండిపోయింది. రెండేళ్లు గడిచి అతని స్థానంలో మరొకరు వచ్చేశారు, పౌలు అలాగే బంధకాల్లో ఉన్నాడు. వాయిదా వేసినంత కాలం వాక్యం వినడం అతడు మానలేదన్నది గమనించు.

నెల తిరగకముందే పని ముగించు. ఆ తరువాత వచ్చే కాలం కష్టమైనది, దాని గురించి ఎవరూ సరిగా హెచ్చరించరు. ఒప్పుకున్న రోజు ధైర్యం ఉంటుంది. ఆరు నెలల తరువాత తక్కువ జీతంలో, కొత్తచోట, పాత స్నేహితులు పలకరించని రోజున పాత జీవితం అందంగా కనబడుతుంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులు చేపలను, కీరకాయలను, ఉల్లిపాయలను తలుచుకొని ఏడ్చారు, ఐగుప్తులో వాటిని ఉచితంగా తిన్నామన్నారు. బానిసలుగా ఇటుకలు చేస్తూ తిన్న తిండి వారికి ఉచితంగా తోచింది! నీకూ అలాంటి రోజులు వస్తాయి. వచ్చినప్పుడు మారుమనస్సు అబద్ధమైపోయిందని అనుకోకు, ప్రయాణంలో ఉన్నావని అనుకో. దొంగిలించేవాడు ఇక దొంగిలించకుండా, అక్కరలో ఉన్నవానికి పంచిపెట్టడానికి తన చేతులతో కష్టపడాలని పౌలు ఎఫెసీయులకు రాశాడు. మానేయడంతో ఆగిపోకు, చేతికి పని పెట్టుకో, కొంచెమైనా ఇతరులకు ఇవ్వడం మొదలుపెట్టు.

సంఘంలో యౌవనుల కూడిక నడిపిస్తున్నావు కదా, అది కొంతకాలం ఆపు. ఎందుకో పాస్టరుగారికి నువ్వే చెప్పు. వేదిక మీద సాక్ష్యం చెప్పమని ఎవరైనా ఉత్సాహపడితే ఇప్పుడు వద్దను. పచ్చి గాయాన్ని మైకు ముందు పెట్టి చప్పట్లు కొట్టించుకోవడం మనకు ఎప్పుడు అలవాటైందో గానీ, దానివల్ల బాగుపడినవారు తక్కువ. నువ్వు డబ్బు తీసుకున్నవారు నీ గురించి మంచి మాట చెప్పగలిగిన నాడు చూద్దాం.

ఒంటరిగా మాత్రం ఉండకు. ప్రభువును డబ్బుకు పట్టించిన ఇస్కరియోతు యూదా కూడా పశ్చాత్తాపపడ్డాడు, తాను పాపం చేశానని బాహాటంగా అన్నాడు, ముప్పది వెండి నాణేలు తిరిగి ఇచ్చాడు. లెక్క చూస్తే అన్నీ చేసినట్టే ఉంటుంది. కానీ అతడు ఆ మాట చెప్పింది దానితో మాకేమి అన్న యాజకులకు. అక్కడి నుంచి ఒంటరిగా వెళ్లిపోయి ప్రాణం తీసుకున్నాడు. పేతురు ప్రభువును ఎరగనని మూడుసార్లు బొంకి, వెక్కివెక్కి ఏడ్చి, తిరిగి వచ్చి మిగిలిన శిష్యులతోనే ఉన్నాడు. ప్రభువు అతడిని వెతుక్కుంటూ వచ్చినప్పుడు వారి మధ్యే దొరికాడు. రాత్రులు బరువెక్కి, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి తలెత్తినా ఏ వేళైనా నాకు ఫోను చెయ్యి, వైద్యుడి దగ్గరకూ వెళ్లు. అది విశ్వాసం తక్కువై చేసే పనేమీ కాదు.

యజమాని నుంచి పారిపోయిన బానిస ఒనేసిమును పౌలు తిరిగి అదే ఇంటికి, ఫిలేమోను దగ్గరకు పంపాడు. క్రీస్తులో నూతన సృష్టివి అయ్యావు, ఇక పాతది ఎందుకులే అనలేదు. అయితే చేతిలో ఉత్తరం పెట్టి పంపాడు, అతడు ఏదైనా నష్టం చేసి ఉంటే నా లెక్కలో వేయమన్నాడు. నీ మొత్తాన్ని నా లెక్కలో వేసుకొనే స్తోమత నాకు లేదు. తోడు రాగలను. సంస్థ వారిని కలిసే రోజు ఖాయమయ్యాక చెప్పు, బయట గదిలో కూర్చుంటాను. లోపల మాట్లాడవలసింది నువ్వే. పాస్టరుగారిని కలిసేటప్పుడు కూడా నేను ఉండాలంటే ఆదివారం ఆరాధన అయ్యాక ఖాళీగానే ఉంటాను, ఆయనకు ముందుగా ఒక మాట చెప్పి సమయం అడుగు.

ప్రభువులో,
నీ మేలు కోరే పెద్దవాడు