మోషన్ గ్రాఫిక్స్ స్టూడియోకి వెళ్తున్నారా? ఒక్క షాట్ పక్కన కూర్చోండి

హన్మకొండలో డిజైన్ చదువుతున్నానని, కాలేజీ వాళ్లు ఒక రోజు మోషన్ గ్రాఫిక్స్ (బొమ్మల్ని, అక్షరాల్ని కదిలించే పని) స్టూడియోకి పంపుతున్నారని, ఆ పనికి వాడే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్ ఇంకా సరిగ్గా రాదు కాబట్టి అక్కడ ఏం చూడాలో, ఏం అడగాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశారు. నేనూ రెండో ఏడాదిలో ఇదే టెన్షన్‌తో వెళ్లాను. సాఫ్ట్‌వేర్ రాదని భయపడకండి. స్టూడియో మొత్తం తిరిగి చూడాలనీ అనుకోకండి. ఎవరో ఒకరి పక్కన కుర్చీ వేసుకుని, ఒకే ఒక్క షాట్ మొదటి నుంచి ఓకే అయ్యేదాకా చూడండి. నాకు పనికొచ్చింది అదే.

నేను వెళ్లింది నయీంనగర్‌లో ఒక చిన్న స్టూడియోకి. మేడారం జాతర దగ్గరపడుతున్న రోజులు. ఒక బట్టల షాపు కోసం 20 సెకన్ల యాడ్ చేస్తున్నారు. జాతరలో బెల్లాన్నే బంగారం అంటాం కదా, మొక్కుకున్నవాళ్లు తమ ఎత్తు బంగారం తూకం వేయించి సమ్మక్క సారలమ్మలకు సమర్పిస్తారు. ఆ తూకమే యాడ్. తక్కెడ పళ్లెంలో బెల్లం దిమ్మెలు ఒక్కొక్కటే వచ్చి పడాలి.

అక్కడి సీనియర్ అన్న ఒక దిమ్మెను నాకిచ్చి కదిలించమన్నాడు. నేను రెండు కీఫ్రేమ్‌లు (కదలిక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తులు) పెట్టి, రెండింటికీ ఈజీ ఈజ్ (మెల్లగా మొదలై మెల్లగా ఆగేలా చేసే సెట్టింగ్) కొట్టి, చివర్లో ఒక చిన్న బౌన్స్ కలిపాను. అంతకుముందు చేరిన ఇన్‌స్టిట్యూట్‌లో టెంప్లేట్లు మార్చడమే నేర్పారు, ఏది పడినా అలాగే పడేది. అన్న చూసి ఏమీ అనలేదు. కింద కిరాణా షాపు నుంచి నిజం బెల్లం దిమ్మె తెప్పించి, నా ముందు టేబుల్ మీద వదిలాడు. దబ్ మని పడి, పడినచోటే ఉండిపోయింది.

"ఎగిరిందా చెల్లె?"

"లేదన్నా."

"నీది ఎగురుతున్నది. పైగా ఆగి ఆగి దిగుతున్నది, నీళ్లల్ల మునిగినట్టు."

తర్వాత కదలికను గీతగా చూపే గ్రాఫ్ ఎడిటర్ తెరిచి చూపించాడు. ఈజీ ఈజ్ వల్ల గీత చివర్లో చదునైపోయింది, అంటే పళ్లెం తగలకముందే దిమ్మె నెమ్మదిస్తోంది. పడే వస్తువు కిందికి వచ్చేకొద్దీ వేగం అందుకోవాలి. అందుకే గీత చివర్లో నిటారుగా వెళ్లి ఒక్కసారిగా తెగాలి. టీవీ యాడ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేమ్‌లు, అంటే 25 విడి బొమ్మలు. దిమ్మె పడటానికి 6 ఫ్రేమ్‌లే ఇచ్చాడు. కానీ పళ్లెం దిగడానికి, కొంచెం పైకి లేచి మళ్లీ కుదురుకోవడానికి 16 ఫ్రేమ్‌లు తీసుకున్నాడు. "బరువు దిమ్మెల కనవడదు, పళ్లెంల కనవడ్తది" అన్నాడు. ప్లే చేస్తే నిజంగానే బరువు తెలిసింది. అదే బొమ్మ, అవే రంగులు. మారింది టైమింగ్ ఒక్కటే.

మధ్యాహ్నం ఇంకో సమస్య వచ్చింది. మన తెలుగు డిజైనర్లందరికీ వచ్చేదే. షాపు వాళ్లు పంపిన మ్యాటర్ డీటీపీలో, యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్‌తో కొట్టింది. పేస్ట్ చేస్తే అర్థం కాని గుర్తులు వచ్చాయి. యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేస్తే ఒత్తులు విడిపోయాయి, 'సమ్మక్క'లో మ కింద మ నిలబడలేదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ప్రిఫరెన్సెస్‌లో టైప్ కిందికి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చాక కుదిరింది. కానీ అక్షరాలు ఒక్కొక్కటిగా రావాలి కదా, ఒత్తు ఒకసారి, అక్షరం ఒకసారి వస్తే బాగుండదు. అందుకని బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇల్లస్ట్రేటర్‌లో అవుట్‌లైన్స్ చేసి, అంటే అక్షరాల్ని బొమ్మలుగా మార్చి, ఒత్తుతో సహా ప్రతి అక్షరాన్నీ ఒక లేయర్‌గా పెట్టుకున్నారు. ఇంగ్లీష్ ట్యుటోరియల్స్‌లో ఇది దొరకదు. మీరు వెళ్లినప్పుడు తెలుగు టెక్స్ట్ ఎలా యానిమేట్ చేస్తారో తప్పకుండా అడగండి.

రెండర్లు, పెద్ద మానిటర్లు, గ్రాఫిక్ కార్డుల దగ్గర ఎక్కువసేపు నిలబడకండి. వాటి గురించి ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. స్టోరీబోర్డు కాగితాలు, అంటే యాడ్‌ని ముందుగా సీన్లుగా గీసుకున్నవి, ఉన్నాయేమో అడగండి. క్లయింట్ వద్దన్న వెర్షన్లు చూపించమనండి, ఎందుకు వద్దన్నారో వింటే చాలా తెలుస్తుంది. అడగకుండా స్క్రీన్ ఫొటోలు మాత్రం తీయకండి, ఇంకా విడుదల కాని పని అది. నోట్‌బుక్కే పట్టుకెళ్లండి.

ఇంకొకటి. ఇంటికొచ్చాక నేను చెంచా, టవల్, చింతపండు ముద్ద పైనుంచి వదిలి ఫోన్‌లో స్లో మోషన్ తీసి, ఒక్కో ఫ్రేమ్ లెక్కపెట్టాను. టవల్ ఎంతసేపు గాల్లో ఉంటుందో చూసి ఆశ్చర్యపోయాను. మీరు ఆ పని వెళ్లేముందే చేయండి. ఆ వీడియోల్లో ఒకటి తీసుకుని, దాన్ని చూసి 5 సెకన్ల యానిమేషన్ చేసి, ఎంత వంకరగా వచ్చినా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లి వాళ్లకు చూపించండి. దిద్దమని అడిగితే కాదనే సీనియర్ నాకైతే ఇప్పటిదాకా తగల్లేదు.