జొరం ఎన్నో రోజు?

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

మందస పీహెచ్‌సీలో చేరి నెల తిరగలేదు, అప్పుడే టైఫాయిడ్ గురించి అడిగావు. "డాక్టరమ్మా, టైపాయిడ్ నూట అరవై వచ్చీసింది, సెలైన్ ఎక్కించీ" అంటూ ల్యాబ్ చీటీ చేతిలో పెట్టేవాళ్లు ఈపాటికే నీ ఓపీ నిండా ఉండి ఉంటారు. ఆ చీటీతోనే మొదలుపెడతాను.

అది విడాల్ పరీక్ష, 1896 నాటిది. ఆ నూట అరవై అంటే, రక్తరసాన్ని అన్ని రెట్లు పలచన చేసినా యాంటీబాడీలు దొరికాయని. ఒంట్లో యాంటీబాడీలను వెతుకుతుంది గానీ క్రిమిని చూడదు. ఎప్పుడో చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి తగ్గినవాడికీ పాజిటివ్ రావచ్చు, టీకా వేయించుకున్నవాడికీ రావచ్చు, మలేరియాతో వణుకుతున్నవాడికీ రావచ్చు. నిజంగా టైఫాయిడ్ ఉన్నవాడికి మొదటి వారంలో నెగెటివ్ రావచ్చు. అందుకే చీటీ ఏం చెప్పినా దాన్ని బల్ల మీద పెట్టి, ముందు "జొరం ఎన్నో రోజు?" అని అడుగు. పండక్కి ముందా తర్వాతా, సంతకెళ్లిన రోజుకి ఉందా లేదా అని గుచ్చి గుచ్చి అడిగితేనే సరైన లెక్క తేలుతుంది.

ఈ పాఠం నేను ఒకామె ప్రాణం మీదికి తెచ్చి నేర్చుకున్నాను. జీడితోటలో పిక్కలేరే మనిషి. తొమ్మిది రోజుల జ్వరం, విడాల్ 160. ఇంకేం చూడకుండా టైఫాయిడ్‌కి వాడే సెఫ్ట్రియాక్సోన్ సూది మొదలుపెట్టాను. నాలుగో రోజుకి ఆయాసం వచ్చింది. విశాఖ పంపిస్తే, అక్కడ రొమ్ము కింద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లగా చెక్కు కట్టిన పుండు కనిపించింది. స్క్రబ్ టైఫస్, పొదల్లోని సన్నటి పురుగు కుడితే వచ్చే జ్వరం. నేను వేసిన సూదికి అది లొంగదు. డాక్సీసైక్లిన్ పడ్డాక రెండు రోజుల్లో జ్వరం దిగి, ఆమె బతికింది. నా దగ్గరున్న నాలుగు రోజులూ ఆ పుండు అక్కడే ఉంది. నేనే చూడలేదు. నీకు ఆడవాళ్లు సంకోచం లేకుండా చూపిస్తారు. తెర వేసి, నర్సమ్మను పక్కన పెట్టుకుని, చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, చెవుల వెనక తప్పకుండా వెతుకు.

మలేరియా కిట్టు, రక్తపు పూత రెండూ మొదటి రోజే చేయించు. కొండ గూడేల నుంచి దిగినవాళ్లకి ఇంకా ముఖ్యం. వానల్లో డెంగీ సంగతి నీకు చెప్పక్కర్లేదు.

ఇక అసలు టైఫాయిడ్ మనిషిని పట్టుకోవడం. జ్వరం రోజురోజుకీ మెట్టుమెట్టుగా ఎక్కుతుంది, సాయంత్రానికి ఎక్కువవుతుంది. నాలుక మధ్యలో తెల్లగా పాచి, అంచులు ఎర్రగా ఉంటాయి. అన్నం పేరెత్తితే మొహం తిప్పుకుంటాడు. పెద్దవాళ్లకి తరచు మలబద్ధకం, పిల్లలకి విరేచనాలు. జ్వరం 103 ఉన్నా నాడి అంత వేగంగా కొట్టుకోకపోవచ్చు. ప్లీహం చేతికి తగలొచ్చు. పుస్తకాల్లో రాసిన గులాబీ మచ్చలు మన ఒంటి రంగు మీద చాలావరకు కనిపించవు, వాటికోసం చూడకు. తెల్ల కణాలు మామూలుగానో తక్కువగానో ఉండి, వాటిలో ఒక రకమైన ఇసినోఫిల్స్ సున్నా ఉంటే నా అనుమానం బలపడేది.

మందు మొదలుపెట్టే ముందు వీలైతే బ్లడ్ కల్చర్ తీయి, అంటే రక్తంలోని క్రిమిని సీసాలో పెంచి చూసే పరీక్ష. పెద్దవాళ్లకి 10 మి.లీ. దాకా రక్తం కావాలి. రెండు మి.లీ. తీసి పంపి, ఏమీ పెరగలేదని బాధపడితే లాభం లేదు. రక్తం నింపిన సీసా ఫ్రిజ్‌లో పెట్టకూడదు. శ్రీకాకుళం మైక్రోబయాలజీ వాళ్లతో ముందే మాట్లాడుకుని, అదే రోజు చేరేలా చూడు. ఇన్ని చేసినా సుమారు సగం కేసుల్లోనే దొరుకుతుంది. కాబట్టి నెగెటివ్ వచ్చిందని మంచి అనుమానాన్ని వదులుకోకు.

నేను హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు క్లోరాంఫెనికాల్ ఇచ్చేవాళ్లం. తర్వాత దానికి క్రిమి లొంగని రోజులొచ్చాయి. సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చింది, దాన్ని ఊరూరా దగ్గుకీ జలుబుకీ పంచి పాడుచేసుకున్నాం. ఇప్పుడు మన దేశంలో టైఫాయిడ్‌కి అది నమ్మదగ్గ మందు కాదు. నోటితో మింగగలిగినవాడికి అజిత్రోమైసిన్, కిలోకి 20 మి.గ్రా. చొప్పున, రోజుకి గ్రాము మించకుండా, ఏడు రోజులు. స్క్రబ్ టైఫస్‌కీ అది పనిచేస్తుంది కాబట్టి, రెంటి మధ్యా తేలనప్పుడు నాకు అదే ధైర్యం. వాంతులవుతున్నవాడికీ, మనిషి మరీ నీరసించినప్పుడూ సెఫ్ట్రియాక్సోన్, పెద్దవాళ్లకి రోజుకి 2 గ్రాములు, 10 నుంచి 14 రోజులు. జెంటామైసిన్ జోలికి పోకు. ఆ మందు పనిచేస్తుందని ల్యాబ్ రిపోర్టు చెప్పినా టైఫాయిడ్ మీద మనిషిలో పనిచెయ్యదు.

మీది ఉద్దానం. అక్కడ ఎవరి కిడ్నీ ఏ స్థితిలో ఉందో తెలియదు. జ్వరానికి పారాసిటమాల్ చాలు. డైక్లోఫెనాక్ సూది కిడ్నీని దెబ్బతీయొచ్చు, వెయ్యమని ఎంత బతిమాలినా వెయ్యకు.

సరైన మందు పడ్డాక కూడా జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. ఈ మాట మొదటి రోజే ఇంటివాళ్లకి చెప్పు. చెప్పకపోతే మూడో రోజుకి ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లి మందు మార్పించుకుంటారు. నువ్వే కంగారుపడి మార్చేసినా అంతే. తగ్గాక రెండు మూడు వారాలకి మళ్లీ జ్వరం వస్తే దాచకుండా రమ్మని కూడా చెప్పు, కొందరికి తిరగబెడుతుంది.

లంఖణం పరమౌషధం అని మనవాళ్లు నెలరోజులు బ్రెడ్డూ బార్లీ మీదే ఉంచుతారు. కండ కరిగిపోయిన పిల్లలను చాలామందిని చూశాను. మెత్తటి అన్నం, పెరుగు, పప్పు, గుడ్డు పెట్టమను. నువ్వే దగ్గర కూర్చుని నాలుగు ముద్దలు తినిపించి చూపిస్తే అత్తగార్లు నమ్ముతారు.

నాకు ఇప్పటికీ భయం వేసేది మూడో వారం. ఆ వారంలో పేగుకి చిల్లు పడొచ్చు. 103 ఉన్న జ్వరం ఉన్నట్టుండి దిగిపోతుంది, ఇంటివాళ్లు తగ్గిందని సంబరపడతారు. అప్పుడు నాడి పట్టుకో. జ్వరం దిగి నాడి పరుగెడుతుంటే, కడుపు మీద చెయ్యి వెయ్యి. చెక్కలా బిగుసుకుని ఉంటే నోటికి ఏమీ ఇవ్వకు, సెలైన్ పెట్టి, సెఫ్ట్రియాక్సోన్‌తో పాటు మెట్రోనిడజోల్ ఎక్కించి, 108 పిలిచి, సర్జన్‌కి ముందే ఫోన్ చెయ్యి. మల విసర్జనలో రక్తం పడినా, మనిషి సంధిమాటలు మాట్లాడుతున్నా పంపించెయ్యాల్సిందే.

బండి వచ్చేలోపు నాకూ ఫోన్ చెయ్యి. రాత్రి ఎంతైనా ఎత్తుతాను.

మావయ్య
విజయనగరం