మహిళా శాస్త్రవేత్తల సంఘానికి చందా కట్టడం దండగా?

ప్రశ్న: నా వయసు 33. జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, ఒక పరిశోధన సంస్థలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. ఇంకో ఏడు నెలల్లో కాంట్రాక్టు అయిపోతుంది. చిన్న పాప ఉంది. నెలనెలా జీతంలో 15 శాతం పొదుపు చేస్తున్నాను. అత్యవసరాలకని దాచింది రెండు నెలల ఖర్చులకు సరిపోతుంది. మా ల్యాబ్‌లో సీనియర్ ఒకరు మహిళా శాస్త్రవేత్తల సంఘంలో చేరమంటున్నారు. ఏడాది చందా నా నెల జీతంలో 4 శాతం. వాళ్ల వార్షిక సదస్సుకు కూడా వెళ్తే ప్రయాణం, బస కలిపి ఒక నెల జీతం అయిపోతుంది. ఆ డబ్బు పొదుపులో వేసుకోవచ్చు కదా అని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చందా కట్టండి. సదస్సుకు మాత్రం ఈ ఏడాది సొంత డబ్బుతో వెళ్లొద్దు.

మీవారి మాట తీసిపారేసేది కాదు. కాంట్రాక్టు ఉద్యోగం, చేతిలో రెండు నెలల ఖర్చుకే డబ్బు, ఇంట్లో పసిపిల్ల. అలాంటప్పుడు ప్రతి ఖర్చునూ నిలదీయాల్సిందే. కాకపోతే ఆయన లెక్క పొదుపు వైపు నుంచే నడుస్తోంది. ఆదాయం వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. చేతికొచ్చే జీతం 100 అనుకుంటే మీరు 15 దాస్తున్నారు. అది 105 అయి, ఖర్చులు అక్కడే ఉంటే 20 దాస్తారు. జీతం పెరిగింది 5 శాతమే, పొదుపు మాత్రం మూడో వంతు పెరిగింది. ఏ పథకంలో వేసినా ఒక్క ఏడాదిలో ఇంత తేడా రావడం కష్టం. మీ వయసులో డబ్బు పెరిగే అసలు దారి జీతమే. ఆ జీతం ఎంత ఉండాలో మీకు తెలియకపోతే అడిగేదెలా?

సైన్స్‌లో మహిళలకు ఈ తెలియకపోవడం చాలా ఖరీదైనది. 2012లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం గురించి చెప్తాను. యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ల్యాబ్ మేనేజర్ ఉద్యోగానికి ఒక దరఖాస్తు తయారుచేసి, 127 మంది సైన్స్ ప్రొఫెసర్లకు చూపించారు. అందరికీ అదే దరఖాస్తు. తేడా పేరులోనే ఉంది: కొందరికి జాన్, కొందరికి జెన్నిఫర్. జాన్‌కు ఇవ్వొచ్చన్న వార్షిక జీతం సగటున 30,238 డాలర్లు, జెన్నిఫర్‌కు 26,508. తక్కువ చెప్పినవాళ్లలో మహిళా ప్రొఫెసర్లూ ఉన్నారు.

తేడా 3,730 డాలర్లు. ఇద్దరికీ ఏటా 3 శాతం చొప్పున జీతం పెరుగుతుందనుకుంటే, పదేళ్లలో జెన్నిఫర్ నష్టపోయేది సుమారు 42,760 డాలర్లు. అంటే మొదటి ఏడాది తాను తీసుకునే జీతానికి ఒకటిన్నర రెట్ల పైమాట. చక్రవడ్డీ మనకు ఎలా పనిచేస్తుందో ఎప్పుడూ చెప్తుంటాను. మొదటి జీతం దగ్గర తక్కువకు ఒప్పుకుంటే అదే మనకు ఎదురు తిరుగుతుంది. పైగా జెన్నిఫర్‌కు జాన్ జీతం ఎంతో తెలిసే వీలే లేదు.

తెలిస్తే ఏమవుతుందో చెప్పడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ నాన్సీ హాప్కిన్స్. ఆవిడ అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో జీవశాస్త్ర ప్రొఫెసర్‌గా పనిచేశారు. జీబ్రాఫిష్ అనే చిన్న చేపల మీద పరిశోధన మొదలుపెట్టి, తొట్లు పెట్టుకోవడానికి ఇంకో 200 చదరపు అడుగుల చోటు కావాలని అడిగారు. ఇవ్వలేదు. మగ ప్రొఫెసర్ల కన్నా తనకు తక్కువ చోటు ఉందని చెబితే నమ్మలేదు. దాంతో ఆవిడ టేపు పట్టుకుని బయల్దేరి, అందరి ల్యాబులూ గది గదీ తిరిగి కొలిచారు. తన అనుమానం నిజమేనని తేలింది.

అప్పటికీ అది ఒక్కరి గొడవే. తన బాధేదో తనకే పరిమితమని ఆవిడ చాలాకాలం అనుకున్నారు. తోటి మహిళా ప్రొఫెసర్లతో మాట్లాడితే అందరిదీ అదే కథ. 1994లో పదహారు మంది కలిసి డీన్ దగ్గరకు వెళ్లారు. కమిటీ వేశారు, జీతాలు, ల్యాబ్ చోటు, నిధులు లెక్కతీశారు. 1999లో నివేదిక బయటికొచ్చింది, వివక్ష ఉందని సంస్థ అధ్యక్షుడే ఒప్పుకున్నారు. జీతాలు, చోటు సరిచేశారు. ఒక్కరు టేపుతో కొలిచినప్పుడు కదలనిది పదహారు మంది లెక్కలు పక్కపక్కన పెట్టుకుంటే కదిలింది. సంఘంలో చేరడం అంటే నా దృష్టిలో ముఖ్యంగా ఇదే: మీ లెక్క పక్కన పెట్టి చూసుకోవడానికి ఇంకొందరి లెక్కలు దొరకడం.

మీ ల్యాబ్‌లో ఎంతమంది మహిళలున్నారో రాయలేదు. ఒకరిద్దరే ఉంటే ఈ అవసరం ఇంకా ఎక్కువ.

రెండో లాభం, ఉన్నాయని తెలియక వదిలేసుకునే నిధులు. జర్మనీలో నోబెల్ గ్రహీత క్రిస్టియానె న్యూస్‌లైన్ ఫోల్హార్డ్ 2004లో ఒక ఫౌండేషన్ పెట్టారు. పిల్లలున్న యువ మహిళా శాస్త్రవేత్తలకు పిల్లల్ని చూసుకునే మనిషికి, ఇంటిపనికి అది నెలనెలా డబ్బిస్తుంది. పరిశోధనకు కాదు, ఇంటిపనికే! బ్రిటన్‌లో డాఫ్నీ జాక్సన్ ట్రస్ట్ ఉంది. రెండేళ్లో అంతకు మించో పరిశోధనకు దూరమైనవాళ్లు తిరిగి రావడానికి ఫెలోషిప్పులిస్తుంది. ఇవి మీకు వర్తిస్తాయని చెప్పడం లేదు, ఆయా దేశాల నిబంధనలు ఉంటాయి. కానీ ఇలాంటివి ఉంటాయని ఎవరో ఒకరు చెవిన వేస్తేనే తెలుస్తుంది. ఆ చెప్పేవాళ్లు ఎక్కువగా అంతకుముందు తీసుకున్నవాళ్లే. కిందటేడు నెగ్గిన దరఖాస్తు ఎలా ఉందో చూపించేదీ వాళ్లే.

కాంట్రాక్టు అయిపోతున్న మీకు మూడోది మరీ దగ్గరి విషయం. ఎక్కడ ఖాళీ రాబోతోందో, ఎవరి గ్రాంటు మంజూరైందో ప్రకటన వెలువడక ముందే నలుగురి నోట నానుతుంది. ఒక్క నెల ముందు తెలిసినా, మధ్యలో జీతం లేని నెల ఒకటి తగ్గొచ్చు. మీ చందా నెల జీతంలో 4 శాతం. జీతం లేని ఒక్క నెల తప్పినా పాతికేళ్ల చందా వచ్చేసినట్టే.

అయితే చందా కట్టినంత మాత్రాన ఇవేవీ జరగవు. కొన్ని సంఘాలు కార్డు ఇచ్చి, వార్తాలేఖ పంపి ఊరుకుంటాయి. కట్టేముందు ఆ సీనియర్‌ని సూటిగా అడగండి: ఈ సంఘం వల్ల మీకు చివరిసారి వచ్చిన ఉపయోగం ఏంటి? ఆవిడ ఒక మనిషి పేరో, ఒక గ్రాంటో చెప్తే కట్టండి. "చాలా బాగుంటుంది" అని ఆగిపోతే ఇంకో సంఘం చూడండి. డబ్బు కట్టక్కర్లేనివీ ఉన్నాయి. అభివృద్ధి చెందుతున్న దేశాల మహిళా శాస్త్రవేత్తల కోసం 1987లో ఏర్పడి, ఇటలీలోని ట్రియెస్టె నుంచి నడుస్తున్న ఓడబ్ల్యూఎస్‌డీలో సభ్యత్వం ఉచితం. పీహెచ్‌డీకి, ఆ తర్వాత తొలినాళ్ల పరిశోధనకు ఫెలోషిప్పులు కూడా ఇస్తుంది. డబ్బు కట్టే సంఘాల్లోనూ కాంట్రాక్టులో ఉన్నవాళ్లకు, ఉద్యోగం లేనివాళ్లకు తగ్గింపు ఉందేమో అడగండి. మీ సంస్థే చందా భరిస్తుందేమో అకౌంట్స్‌లో కనుక్కోండి. అడగడానికి మొహమాటపడొద్దు.

ఇక సదస్సు. నెల జీతమంటే మీరు దాదాపు ఏడు నెలలు కూడబెట్టేదంతా. కాంట్రాక్టు మిగిలింది కూడా సరిగ్గా ఏడు నెలలే. ఆ పొదుపు మొత్తం అత్యవసర నిధిలో వేస్తే, కాంట్రాక్టు ముగిసేసరికి మూడు నెలల ఖర్చుకు కొంచెం పైన ఉంటుంది. అది కూడా తక్కువే, దాన్ని ప్రయాణానికి పెట్టడానికి నేను ఒప్పుకోను. ప్రయాణ గ్రాంటు వస్తే తప్పక వెళ్లండి, దరఖాస్తు మాత్రం ఇప్పుడే పెట్టండి. గ్రాంటు డబ్బు ముందే ఇస్తారా, ఖర్చుపెట్టి బిల్లులు చూపించాక ఇస్తారా అన్నది కూడా కనుక్కోండి. బిల్లుల పద్ధతైతే క్రెడిట్ కార్డు మీద పెట్టి నెలల తరబడి ఎదురుచూడాల్సి రావొచ్చు. మీ పరిస్థితిలో అదొక టెన్షన్.

చందా ఈ నెల పొదుపులోంచి కట్టండి, అత్యవసర నిధిని ముట్టుకోకండి. ఆ తర్వాత నెలకు రెండు గంటలు దీనికోసం పక్కన పెట్టండి. ఆ రెండు గంటలూ పాపను చూసుకునే బాధ్యత మీవారికి అప్పగించండి. మొదటి నెలలోనే మీ అర్హత, మీ అనుభవం ఉన్న ముగ్గురితో మాట్లాడి వాళ్ల జీతాల శ్రేణి, కాంట్రాక్టు ఎన్నాళ్లో, ప్రసూతి సెలవు, పరికరాలకు ఇచ్చే డబ్బు రాసుకోండి. జీతం అంకె నేరుగా అడగలేకపోతే "ఈ ఉద్యోగానికి నేను ఎంత అడిగితే న్యాయం?" అనండి, చాలామంది ఇష్టంగా చెప్తారు. ఆ కాగితం దగ్గర పెట్టుకునే కాంట్రాక్టు పొడిగింపు గురించి మాట్లాడటానికి వెళ్లండి, అదీ గడువు ముగియడానికి కనీసం మూడు నెలల ముందు.