వేరుశనగ తెల్లబడితే వేయాల్సింది యూరియా కాదు

ప్రశ్న: బోరు కింద రెండెకరాల నల్లరేగడిలో యాసంగి వేరుశనగ వేశాను. దున్నినప్పుడు తెల్లటి సున్నపు రాళ్లు పైకి వస్తాయి. నాలుగైదు రోజులకోసారి తడి ఇస్తున్నాను. పైరు వయసు 35 రోజులు. కొస ఆకులు పసుపురంగుకు తిరిగి, కొన్నిచోట్ల తెల్లబడ్డాయి. నత్రజని చాలలేదేమోనని ఎకరాకు 25 కిలోల యూరియా వేసినా ఫలితం లేదు. దుకాణదారు ఇది వైరస్ అని ఒక పురుగుమందు, కాయ బాగా ఊరుతుందని ఆకుల మీద కొట్టే కాల్షియం సీసా ఇచ్చారు. కొట్టమంటారా?
– ఒక రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: రెండూ కొట్టవద్దు. మీ పైరుకు వైరస్ లేదు, నత్రజని లోపం అంతకన్నా లేదు. అది ఇనుపధాతు లోపం.

ఏ ఆకు ముందు పాలిపోయిందో చూస్తే చాలు. నత్రజని తక్కువైతే మొక్క ముదురాకుల్లోని నత్రజనిని లేతాకులకు తరలిస్తుంది కాబట్టి కింది ఆకులు ముందు పండుతాయి. ఇనుము అలా కదలదు. అందుకే మీ పొలంలో కింది ఆకులు పచ్చగానే ఉండి, కొసన వచ్చే ఆకులు పాలిపోయాయి. మొదట ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపవుతుంది, ముదిరితే ఆకంతా తెల్లబడుతుంది. మొవ్వుకుళ్ళు వైరస్ అయితే ఆకులపై వలయాలు వచ్చి, మొవ్వు ఎండి, మొక్క గిడసబారుతుంది. పైగా వైరస్‌ను నయం చేసే మందంటూ లేదు.

మీ నేలలో ఇనుము లేక కాదు, ఎకరానికి టన్నుల్లో ఉంటుంది. సున్నం వల్ల అది కరగక వేరుకు అందడం లేదు. ఉదజని సూచిక (నేల ఆమ్లమో క్షారమో చెప్పే pH) ఒక్క అంకె పెరిగితే కరిగి ఉండే ఫెర్రిక్ ఇనుము వెయ్యో వంతుకు పడిపోతుంది. వేరుశనగ వేరు తన చుట్టూ ఆమ్లాన్ని వదిలి కొంత ఇనుమును కరిగించుకోగలదు. అయితే నేల ఎప్పుడూ తడిగా ఉంటే బైకార్బొనేట్లు అనే క్షార లవణాలు పేరుకుని ఆ పనికీ అడ్డుపడతాయి. అంటే మీరు నాలుగైదు రోజులకోసారి పెడుతున్న నీరే సగం కారణం. యూరియా కూడా మేలు చేయలేదు. అది నైట్రేటుగా మారాక వేరు దాన్ని పీల్చుకునేటప్పుడు చుట్టూ క్షారం పెరిగి ఇనుము ఇంకా బిగుసుకుంటుంది.

ఇప్పుడు కొట్టాల్సింది ఇది: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం). ఎకరాకు 200 లీటర్లు అంటే కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు కావాలి. ముందు నిమ్మ ఉప్పు కరిగించి, తర్వాత అన్నభేది వేయండి. సాయంత్రం పూట ఆకులు బాగా తడిసేలా కొట్టండి. వారం తర్వాత మరోసారి. అన్నభేది లేత ఆకుపచ్చగా ఉండాలి. గోధుమరంగుకు తిరిగినది కొనవద్దు, కలిపిన ద్రావణం మర్నాటికి ఉంచవద్దు, పురుగుమందులతో కలపవద్దు. నా మాట మీద నమ్మకం కుదరకపోతే ముందు పది మొక్కల మీద కొట్టి నాలుగైదు రోజులు చూడండి. అన్నభేదిని నేలలో మాత్రం వేయకండి, మీ నేలలో అది తుప్పుగా మారిపోతుంది.

తడి ఇప్పుడు ఆపండి. నాలుగంగుళాల లోతు మట్టిని పిడికిట పట్టి చూడండి. ఉండ కడుతున్నంత కాలం నీరు అక్కర్లేదు. 45వ రోజు నుంచి ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగి కాయ ఊరే దశలో మాత్రం బెట్ట రానీయవద్దు.

ఇక ఆ కాల్షియం సీసా. వేరు పీల్చిన కాల్షియం నీటితోపాటు ఆకులకు ఎక్కుతుంది, అక్కడి నుంచి కాయకు దిగదు. వేరుశనగ కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచి తానే తీసుకుంటుంది. ఆకు మీద కొట్టింది కాయకు చేరదు. ఈ సంగతి అమ్మేవారికి తెలియకపోవచ్చు, కొనేవారికి తెలియాలి. పైరు 40–45 రోజుల వయసులో, అంటే మీకు ఇంకో వారంలో, ఎకరాకు 200 కిలోల జిప్సం (కాల్షియం, గంధకం ఉన్న ఖనిజం) మొదళ్ళ దగ్గర చాళ్లలో వేసి మట్టి ఎగదోయండి. పొలంలో సున్నం ఉంది కదా అనుకోవద్దు. అది జిప్సంలా కరగదు, దానిలో గంధకమూ లేదు.

భూసార పరీక్ష చేయించారా? ఉత్తరంలో ఆ ముచ్చటే లేదు. మందులకు పెట్టిన డబ్బులో కొంత దీనికి పెట్టి ఉంటే విత్తే ముందే సున్నం సంగతి తెలిసేది. పంట తీశాక ఎకరానికి ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున మట్టి తీసి, కలిపి, అరకిలో పంపండి. సూక్ష్మపోషకాల పరీక్షకు ఇనుప పారతో కాకుండా కర్రతో తీయండి, లేకపోతే పార ఇనుము కూడా లెక్కలోకి వస్తుంది. బోరు నీరు కూడా సీసాడు పంపండి.

రెండో పిచికారీ అయిన వారానికి మొక్క ఫోటో పంపండి. అందులో కొసలు మాత్రమే కాదు, కింది ఆకులు కూడా కనపడాలి.