‘హార్డ్’ దగ్గర తల్లీకూతుళ్ల తగువు

ప్రశ్న: నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మా అమ్మాయి ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. దానికి హోంవర్కు చెప్పాలని ఒక గైడు కొని ఎనిమిది పార్ట్స్ ఆఫ్ స్పీచ్ బట్టీ పట్టాను. అయినా సొంతంగా నాలుగు వాక్యాలు రాయలేకపోతున్నాను. మొన్న ‘షి వర్క్స్ హార్డ్’లో హార్డ్ అడ్వెర్బ్ అని అది, అడ్జెక్టివ్ అని నేను వాదించుకున్నాం. గైడులో హార్డ్ ఎదురుగా అడ్జెక్టివ్ అనే ఉంది. ఎవరిది రైటు? అసలు గ్రామరు ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: తగువు తీర్పు చివర్లో చెప్తానమ్మా. ముందు ఆ గైడు మూసి పక్కన పెట్టండి. నేనూ సర్కారు బడుల్లో ముప్పై ఏళ్లు ఆ ఎనిమిదింటినీ పిల్లల చేత వల్లె వేయించినవాణ్ణే. నౌన్ అంటే ఏమిట్రా అంటే నిద్రలో లేపినా చెప్పేవాళ్లు. మీ ఊరి గురించి ఒక్క వాక్యం రాయరా అంటే పెన్ను మూత కొరుకుతూ కూర్చునేవాళ్లు. తప్పు వాళ్లది కాదు, నాదే.

తెలుగులో ‘రాముడు రావణుణ్ణి చంపాడు’ అన్నా, ‘రావణుణ్ణి రాముడు చంపాడు’ అన్నా చచ్చింది రావణుడే. ఆ ‘ణ్ణి’ ఉంది చూశారూ, విభక్తి, అది రావణుడి మెడలో చీటీ లాంటిది. ఎక్కడ కూర్చోబెట్టినా గుర్తుపడతాం. ఇంగ్లీషు పేర్లకి ఆ చీటీ లేదు. ‘రామా కిల్డ్ రావణా’. పేర్లు అటూ ఇటూ మార్చారా, రామాయణం తలకిందులే! కిల్డ్‌కి ముందున్నవాడు చంపినవాడు, వెనకున్నవాడు చచ్చినవాడు, అంతే. (హి, హిమ్ లాంటి సర్వనామాల్లో మాత్రం పాత చీటీ కాస్త మిగిలింది.) మన క్రియ వాక్యం ఆఖర్న కూర్చుంటుంది, వాళ్లది నడుమ. కాబట్టి మాట అర్థంతో పాటు అది కూర్చున్న చోటు కూడా చూడాలి.

ఈ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. కత్తిరించిన ఒకే గుడ్డ ముక్కను మెడకి వేస్తే పట్టీ, వీపున కట్టడానికి కుడితే నాడా. ఇంకా కుట్టకుండా బల్ల మీద ఉన్న ముక్కను చూపించి ఇదేమిటని అడిగితే మీరేం చెప్తారు? ఇప్పుడు ‘ఫాస్ట్’ తీసుకోండి. ‘ఎ ఫాస్ట్ బస్’లో అది బస్సు ఎలాంటిదో చెబుతోంది, అడ్జెక్టివ్. ‘షి రన్స్ ఫాస్ట్’లో ఎలా పరుగెడుతోందో చెబుతోంది, అడ్వెర్బ్. శనివారం ఉపవాసం ఉండేవాళ్లు ‘ఐ ఫాస్ట్ ఆన్ సాటర్‌డేస్’ అంటారు, అక్కడ అదే వెర్బ్. ‘ఎ లాంగ్ ఫాస్ట్’ అంటే పెద్ద ఉపవాసం, నౌన్. అక్షరం మారలేదు, నాలుగు ఉద్యోగాలు చేసింది. గైడులో జాబితా వేసినాయన ఒక్క ఉద్యోగమే రాసి ఊరుకున్నాడు.

ఇక మీ వాక్యాలు ఎక్కడ ఆగిపోతున్నాయో ఊహించగలను. ‘మా ఆయన డ్రైవర్’ అంటాం. అందులో క్రియ ఏది? లేదు. తెలుగుకి అక్కర్లేదు. ‘మా ఆయన డ్రైవర్ కాదు’ అన్నప్పుడు మాత్రం ‘కాదు’ రూపంలో బయటికొస్తుంది. ఇంగ్లీషు వాక్యానికి క్రియ ఎప్పుడూ కావాలి: మై హస్బెండ్ ఈజ్ ఎ డ్రైవర్. ఆ ‘ఈజ్’ మర్చిపోవడమే మనవాళ్లకి మొదటి తప్పు. నా మొదటి ఇంటర్వ్యూలో నేను ‘మై ఫాదర్ ఫార్మర్’ అన్నాను.

రెండోది ‘నాకు’. నాకు ఇద్దరు పిల్లలు, నాకు ఆకలిగా ఉంది, నాకు తెలుసు. ఈ ‘నాకు’లన్నీ ఇంగ్లీషు గడప దాటగానే ‘ఐ’ అయిపోతాయి: ఐ హావ్ టూ చిల్డ్రన్, ఐ యామ్ హంగ్రీ, ఐ నో. దీని గురించి టెన్షన్ పడకండి, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది.

రోజూ కుట్టుపని మీదే మూడు వాక్యాలు రాయండి. ఎవరు, ఏం చేశారు, దేన్ని: ఈ వరసలోనే. ‘ఐ కట్ ది క్లాత్’. ముందు అది కుదరనివ్వండి. ప్రిపోజిషన్లు తర్వాత చూద్దాం. మన ‘బల్ల మీద’ వాళ్లకి ‘ఆన్ ది టేబుల్’ అవుతుందని, మనం వెనక పెట్టేది వాళ్లు ముందు పెడతారని గుర్తుంటే ఇప్పటికి చాలు.

తగువుకొస్తే, మీ అమ్మాయిదే రైటు. ‘వర్క్స్’ వెనక చేరి ఎలా పనిచేస్తుందో చెబుతోంది కాబట్టి అక్కడ హార్డ్ అడ్వెర్బే. ‘షి ఈజ్ ఎ హార్డ్ వర్కర్’ అని ఉంటే మీరు గెలిచేవారు. అడ్వెర్బ్ అన్నారు కదా అని తోక తగిలించి ‘హార్డ్‌లీ’ అని మాత్రం రాయనివ్వకండి. దానికి దాదాపు లేనట్టే అని అర్థం. ఉద్యోగంలో చేరిన కొత్తలో బాగా చదివే ఓ కుర్రాడి ప్రోగ్రెస్ కార్డులో ‘హి హార్డ్‌లీ స్టడీస్’ అని మెచ్చుకుంటూ రాసి పంపాను. మర్నాడు వాళ్ల నాన్న, ఇంగ్లీషు బాగా వచ్చిన పోస్ట్‌మాస్టరు, కార్డు పట్టుకుని స్టాఫ్ రూముకొచ్చాడు. కుర్రాడి వీపు మీద రాత్రే రెండు పడ్డాయట.