పుకారును ఖండిస్తూ బోర్డు పెట్టాలా?

మీ స్వీట్ షాపు నెయ్యి మీద పుకారు లేచిందని, "మా నెయ్యిలో కల్తీ లేదు" అని బోర్డు పెడితే ఎలా ఉంటుందని అడిగారు. దయచేసి ఆ మాటలతో పెట్టకండి.

కొన్నేళ్ల కిందట నేను ఒక చిన్న పొదుపు సంఘంలో క్యాషియర్‌ని. పక్క ఊళ్లో చిట్టీలు నడిపే మనిషి ఎవరో పారిపోయాడు. మాకు ఏ సంబంధమూ లేదు, అయినా మావాళ్లు కంగారుపడి గేటుకి నోటీసు అంటించమన్నారు. "సంఘం మూతపడుతోందన్న వదంతులు నమ్మవద్దు, మీ సొమ్ముకు ఎలాంటి ప్రమాదం లేదు" అని రాసింది నేనే. అప్పటిదాకా ఆ మాట నలుగురైదుగురి నోళ్లలోనే ఉంది, మధ్యాహ్నానికల్లా అసలు విననివాళ్లు కూడా పాస్‌బుక్కులు పట్టుకుని లైన్లో నిలబడ్డారు. "మూసేస్తున్నారంట కదా బాబూ, గేటు మీద రాశారంట" అని చదువురాని పెద్దావిడ ఒకామె నన్నే అడిగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది మా పని.

తెలుగులో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువని నాకనిపిస్తుంది. మన "లేదు", "కాదు" వాక్యం చివర్లో వస్తాయి, అవి వచ్చేలోపే "కల్తీ" మనసులో కూర్చుంటుంది. ఇంగ్లిష్‌లో ఆ "కాదు" ముందే వస్తుంది కదా, అయినా అక్కడా అంతే. 1973 నవంబరులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పత్రికా సంపాదకుల ముందు తన సంపాదన గురించి చెబుతూ "నేను మోసగాణ్ణి కాను" అన్నాడు. ప్రత్యర్థి పార్టీ ఆఫీసులోకి ఆయన తరఫువాళ్లు దొంగతనంగా చొరబడ్డ వాటర్‌గేట్ గొడవ రగులుతున్న రోజులవి. జనం ఆ "మోసగాడు" అన్న ముక్కనే పట్టుకున్నారు, తర్వాతి ఆగస్టులో రాజీనామా చేసినా అది ఆయన్ని వదల్లేదు.

నెయ్యి ఏ డెయిరీది, ఎప్పుడు కొన్నారు, ఇవి రాయండి. బిల్లు, ల్యాబ్ రిపోర్టు కౌంటర్ దగ్గర పెట్టండి, వంటగది చూస్తామంటే చూపించండి. ఎవరైనా సూటిగా అడిగితే "కాదండీ" అని ఒక్కసారి చెప్పి వెంటనే బిల్లు చేతికివ్వండి, అడిగిన మాటను మీ నోటితో మళ్లీ పలకొద్దు. ఒకవేళ నిజంగానే తప్పు జరిగి ఉంటే మాత్రం ఇవేవీ పనికిరావు, ఒప్పుకుని సరుకు పారేయాల్సిందే.

మేం మర్నాడు ఆ కాగితం చింపేసి, "ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు అడిగినవారికి అడిగినంత చెల్లిస్తాం" అని రాసి, ఆడిట్ రిపోర్టు బల్ల మీద పెట్టాం. మూడో రోజుకి లైన్ పలచబడింది. ఆ పెద్దావిడ మాత్రం మొదటిరోజే డబ్బంతా తీసేసుకుంది, నేను అక్కడ ఉన్నన్నాళ్లూ మళ్లీ రాలేదు.